ఫ్రాన్స్‌లో చిన్న పల్లెటూళ్లో వారం రోజులు: బయల్దేరే ముందు నుంచి తాళం చెవి అప్పగించే దాకా

ఫ్రాన్స్‌లో సుమారు 35 వేల కమ్యూన్లు ఉన్నాయి. ఎంత చిన్న ఊరైనా దానికో మేయరు, ఓ ఆఫీసు ఉంటాయి. ఆ ఆఫీసును మెరీ అంటారు. ఈ కమ్యూన్లలో సగానికి పైగా ఊళ్లలో 500 మంది జనాభా కూడా ఉండదు. అలాంటి చోట హోటలు ఉండదు, బస్సు రాదు, కొన్నిచోట్ల కొట్టు కూడా ఉండదు. పారిస్‌లో నాలుగు రోజులు తిరిగిన అలవాటుతో ఇక్కడికి వస్తే మొదటి రోజే ఆకలితో పడుకోవాల్సి రావచ్చు. పల్లె గడియారాన్ని ముందే తెలుసుకుని వస్తే మాత్రం ఇంత హాయైన చోటు మరొకటి దొరకడం కష్టం.

ఏ ఊరు, ఏ ఇల్లు

మొదటి పొరపాటు ఊరి పేరు దగ్గరే జరుగుతుంది. సాన్-మార్తాన్ అనే మాట పేరులో ఉన్న కమ్యూన్లే దేశం మొత్తం మీద రెండు వందలకు పైగా ఉన్నాయి. పేరు ఒక్కటే చూసి రైలు టికెట్ కొంటే మూడొందల కిలోమీటర్ల అవతల దిగే ప్రమాదం ఉంది. అయిదంకెల పిన్‌కోడ్ అడిగి రాసుకోండి, అందులో మొదటి రెండంకెలు జిల్లాను, అంటే దెపార్త్‌మాన్‌ను చెబుతాయి. పిన్‌కోడ్ ఒక్కటే ఉన్నా చాలదు, పక్కపక్కన ఉన్న పది ఊళ్లకు ఒకటే ఉండొచ్చు. ఊరికి దూరంగా విసిరేసినట్టుండే రెండు మూడిళ్ల చోటుకు లియూ-దీ అని వేరే పేరు ఉంటుంది. చిన్న కమ్యూన్లు కూడా వీధులకు పేర్లు, ఇళ్లకు నంబర్లు పెట్టాలని 2022లో చట్టం వచ్చింది. దాంతో చాలా ఇళ్ల చిరునామాలు ఈమధ్యే మారాయి, మ్యాపుల్లో ఇంకా పాతవే కనబడొచ్చు. ఇంటివాళ్లను జీపీఎస్ అంకెలే పంపమనండి. ఊరి దగ్గరికొచ్చాక ఫోన్ సిగ్నల్ లేకపోతే మ్యాప్ తెరుచుకోదు కాబట్టి, ఆ ప్రాంతం మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి.

అందమైన ఊళ్ల జాబితా ఒకటి చాలామందికి తెలిసే ఉంటుంది. 'ఫ్రాన్స్‌లోని అత్యంత అందమైన గ్రామాలు' అనే ఈ సంఘం 1982లో కొలోంజ్-లా-రూజ్‌లో పుట్టింది. జనాభా 2,000 దాటకూడదు, రక్షిత కట్టడాలో ప్రదేశాలో కనీసం రెండు ఉండాలి అన్నవి దాని షరతుల్లో ముఖ్యమైనవి. చూడటానికి తప్పక వెళ్లండి. బస మాత్రం అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో, ఏ బిరుదూ లేని ఊళ్లో పెట్టుకోవడం మేలు. జులై, ఆగస్టు నెలల్లో జాబితా ఊళ్లు పర్యాటకులతో కిక్కిరిసి ఉంటాయి, కారు పెట్టుకోవడానికీ డబ్బు కట్టాలి. పల్లె బతుకు చూడాలనుకుంటే రొట్టెల అంగడి, బడి, కాఫీ కొట్టు ఈ మూడూ ఇంకా నడుస్తున్న ఊరు వెతకండి. మూడూ ఉంటే ఏడాది పొడవునా మనుషులున్న ఊరన్న మాట. లేనిచోట సెలవు ఇళ్లే ఎక్కువ, చలికాలంలో కిటికీలన్నీ మూసే ఉంటాయి.

బస రెండు రకాలు. జీత్ అంటే వంటగదితో సహా ఇల్లంతా మీదే. వేసవిలో ఎక్కువగా శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, సాయంత్రం నాలుగింటికి చేరి తర్వాతి శనివారం పొద్దున పదింటికి ఖాళీ చేయాలి. షాంబ్ర్ దోత్ అంటే ఇంటివాళ్లు ఉంటున్న ఇంట్లోనే గది. చట్టం ప్రకారం అయిదు గదులు, పదిహేను మందికి మించకూడదు, ఉదయం ఫలహారం అద్దెలోనే కలిసి ఉంటుంది. కొందరు రాత్రి భోజనం కూడా పెడతారు. ముందే చెప్పాలి, అందరికీ ఒకటే వంట.

జీత్ బుక్ చేసేటప్పుడు ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగండి.

- దుప్పట్లు, తువ్వాళ్లు ఇస్తారా? చాలా జీత్‌లలో ఇవ్వరు, అద్దెకు తీసుకోవాలి.
- చివర్లో శుభ్రం చేయడం మీ పనా, దానికి విడిగా డబ్బా?
- కరెంటు ఎంతవరకు అద్దెలో కలిసి ఉంది? రోజుకు 8 యూనిట్ల దాకా ఉచితం, ఆపైన మీటరు ప్రకారం వసూలు అన్న షరతు మామూలే. చలికాలంలో హీటర్లు పెడితే ఇది గట్టిగానే తగులుతుంది.
- ముందుగా కట్టే డబ్బు 'ఆర్' కిందా, 'అకోంత్' కిందా? రెండూ అడ్వాన్సే అయినా తేడా పెద్దది. ఆర్ అయితే కట్టింది వదులుకుని మీరు తప్పుకోవచ్చు. అకోంత్ అయితే ఒప్పందం ఖాయమైనట్టే, రాకపోయినా మొత్తం అద్దె అడిగే హక్కు వాళ్లకుంటుంది.

కోసియోన్ అనే డిపాజిట్, మనిషికి రాత్రికి ఇంత అని ఉండే తాక్స్ ద సెజూర్ అనే బస పన్ను వీటికి అదనం.

ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లోనో స్నేహితుల ఇంట్లోనో దిగుతుంటే షెంగెన్ వీసాకు అతెస్తాసియోన్ దకేయ్ కావాలి. ఆతిథ్యం ఇచ్చేవాళ్లు స్వయంగా తమ మెరీకి వెళ్లి, 30 యూరోల పన్ను స్టాంపుతో తీసుకోవాల్సిన కాగితం అది. చిన్న ఊళ్లలో మెరీ వారంలో రెండు మూడు పూటలే తెరుస్తారు, దర్యాప్తుకు కూడా సమయం పడుతుంది, కనుక రెండు నెలల ముందే మొదలుపెట్టించండి. ఈ కాగితం ఉంటే చూపాల్సిన ఖర్చు డబ్బు రోజుకు 32.50 యూరోలు, హోటల్ బుకింగ్ ఉంటే 65, ఏదీ లేకపోతే 120.

చేరే రోజు

స్టేషన్ దగ్గర అద్దె కారు ఆఫీసులు చిన్న పట్టణాల్లో మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా మూసేస్తారు, ఆదివారం అసలు తెరవకపోవచ్చు. రైలు దిగే వేళ ఆ మధ్యలో పడకుండా చూసుకోండి. గేర్లు మార్చుకునే కార్లే ఎక్కువ, ఆటోమేటిక్ కావాలంటే ముందే అడగాలి. లైసెన్సు ఫ్రెంచిలో లేకపోతే అంతర్జాతీయ పర్మిట్ గాని, అధికారిక అనువాదం గాని దగ్గర ఉండాలి. కారు లేకుండా వచ్చేవాళ్లకు కొన్ని ప్రాంతాల్లో 'త్రాన్స్‌పోర్ ఆ లా దమాంద్' అనే చిన్న వ్యాన్ ఉంటుంది. ముందు రోజు ఫోన్ చేసి చెప్పకపోతే అది కదలదు.

రోడ్డు మీద మూడు విషయాలు జాగ్రత్త. ఎర్ర అంచుతో ఊరి పేరు రాసిన తెల్ల బోర్డు కనిపించగానే, అంకె రాసి ఉన్నా లేకపోయినా, వేగం 50కి తగ్గించాలి. అదే పేరు మీద అడ్డగీత ఉన్న బోర్డు వచ్చేదాకా అంతే. ఊళ్ల మధ్య రెండు వరుసల రోడ్ల మీద 2018 నుంచి 80, కొన్ని జిల్లాలు మళ్లీ 90 పెట్టుకున్నాయి. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరమైనది: ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికే దారివ్వాలి. అది సందులోంచి వచ్చే ట్రాక్టరైనా సరే, పెద్ద రోడ్డు మీద ఉన్న మీరే ఆగాలి.

పెట్రోలు పోసేటప్పుడు గాజోల్ అన్న మాట చూసి మోసపోవద్దు, అది డీజిలు. పంపు మీద గుండ్రటి గుర్తులో ఇ5 అనో ఇ10 అనో ఉంటే పెట్రోలు, చదరపు గుర్తులో బి7 ఉంటే డీజిలు. రాత్రిపూట, ఆదివారం మనుషుల్లేని పంపులే పనిచేస్తాయి. పిన్ నంబరు ఉన్న చిప్ కార్డు ఉండాలి. అవి కార్డులో కొంత పెద్ద మొత్తాన్ని కొన్నాళ్లు బిగబట్టి ఉంచుతాయి కాబట్టి ఖాతాలో వెసులుబాటు చూసుకోండి.

శనివారం సాయంత్రం ఇంటికి నేరుగా పోవద్దు, దారిలో సూపర్‌మార్కెట్ దగ్గర ఆగండి. ఏడింటికో ఏడున్నరకో మూసేస్తే మళ్లీ ఆదివారం పొద్దున పూట మాత్రమే తెరుస్తారు, అదీ కొన్నే. సోమవారం సెలవు రోజైతే మంగళవారం దాకా దొరికేది అంతంతే. పాలు, గుడ్లు, బియ్యం, నూనె, ఉప్పు, కాఫీ, టాయిలెట్ పేపరు, చెత్త సంచులు, గిన్నెల సబ్బు, అగ్గిపెట్టె: రెండు రోజులకు సరిపడా. జీత్‌లో ఇవి ఉంటాయని అనుకోవద్దు. పప్పుల్లో ఎర్ర మసూర్ పప్పు లాంటిది 'లాంతీ కొరాయ్' పేరుతో సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది. మిరపకాయలు, మసాలాలు వెంట తెచ్చుకుంటే నయం.

పల్లె గడియారం

మధ్యాహ్నం 12 కొట్టగానే ఊరు మూతపడుతుంది. మెరీ, తపాలా, మందుల షాపు, కొట్టు అన్నీ. రెండింటికో రెండున్నరకో తిరిగి తెరుస్తారు. ఆ వేళ ఎవరింటి తలుపూ కొట్టకూడదు, ఫోన్ చేయడం కూడా బాగుండదు. రెస్టారెంట్లో భోజనం 12 నుంచి ఒకటిన్నర లోపు. రెండింటికి వెళ్తే కుర్చీలు ఖాళీగా ఉన్నా పెట్టరు, వంటగది కట్టేసి ఉంటుంది కాబట్టి. రాత్రి ఏడు, ఏడున్నరకు గాని పొయ్యి వెలగదు. ఆదివారం మధ్యాహ్నం భోజనం కుటుంబాలతో బయటికి వెళ్లే పూట, రెండు రోజుల ముందే బల్ల చెప్పి ఉంచుకోవాలి. ఆదివారం సాయంత్రం, సోమవారం చాలావరకు మూసే ఉంటాయి.

రొట్టె అంగడికి వారానికో సెలవు ఉంటుంది. తలుపు మీద రాసి ఉన్న సెలవును మొదటి రోజే ఫోటో తీసుకోండి. ఆ రోజు పక్క ఊరి అంగడి సాధారణంగా తెరిచే ఉంటుంది. పిండి కలిపి, పులియబెట్టి, కాల్చడం అన్నీ అక్కడే చేస్తేనే బూలాంజరీ అన్న పేరు పెట్టుకోవాలని 1998 చట్టం. బాగెత్ అనే పొడవాటి రొట్టె రెండు రకాలు: మామూలుది, త్రాదిసియోన్. రెండోది 1993 నాటి ఉత్తర్వు ప్రకారం ఎక్కడా ఫ్రీజ్ చేయకుండా, అడిటివ్‌లు కలపకుండా చేసేది. కొద్దిపాటి ధర తేడాకు రుచిలో చాలా తేడా ఉంటుంది, అదే తీసుకోండి. బాగా కాలింది కావాలంటే 'బియాన్ క్విత్', మెత్తగా కావాలంటే 'పా త్రో క్విత్' అనాలి. ఆదివారం పదిన్నరకల్లా అయిపోవచ్చు, ముందు రోజే పేరు చెప్పి పక్కన పెట్టించుకోవచ్చు. అంగడి లేని ఊళ్లో కాఫీ కొట్టులోనో కిరాణాలోనో 'దెపో ద పాన్', అంటే వేరేచోట కాల్చిన రొట్టె తెప్పించి అమ్మే చోటు, ఉంటుంది. అక్కడ ఎన్ని చెబితే అన్నే తెప్పిస్తారు, చెప్పనివాళ్లకు మిగలదు.

సంత వారానికో పూట, ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా. కూరగాయలు చేత్తో ముట్టుకోవద్దు, అమ్మేవాళ్లే ఏరి ఇస్తారు. కర్బూజా గాని, మెత్తటి చీజ్ గాని అడిగితే 'ఈరోజుకా, రేపటికా?' అంటారు. తినే పూటకు సరిగ్గా పండేదాన్ని ఎంచి ఇవ్వడానికే ఆ ప్రశ్న, నిజం చెప్పండి. 'యూన్ లీవ్ర్' అంటే అరకిలో. చిల్లర, సంచి తీసుకెళ్లాలి. కొందరు కార్డు తీసుకోరు.

బోన్‌జూర్

బోన్‌జూర్ అంటే నమస్కారం. ఇది మర్యాద మాట మాత్రమే అనుకుంటే పొరపాటు. అంగట్లోకి అడుగుపెట్టగానే, వరుసలో నిలబడ్డవాళ్లతో సహా అందరికీ వినబడేలా 'బోన్‌జూర్ మెస్యూ-దామ్' అనాలి. అనకుండా 'రెండు బాగెత్‌లు' అని అడిగితే ఎంత నవ్వుతూ అడిగినా దురుసుగా వినిపిస్తుంది, ఆ తర్వాత మీకు దొరికే సాయం తగ్గుతుంది. వీధిలో ఎదురైన ప్రతి మనిషికీ చెప్పాలి. సాయంత్రం అయిదారు దాటాక 'బోన్‌సువార్'. వెళ్లేటప్పుడు 'మెర్సీ, ఓ రెవువార్, బోన్ జూర్నే'. పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో 'వూ', అంటే మన 'మీరు'. వాళ్లంతట వాళ్లు 'త్యూ' అనమనేదాకా మార్చొద్దు. ఇంగ్లిషులో మాట్లాడక తప్పకపోయినా మొదటి వాక్యం ఫ్రెంచిలో ఉండాలి.

పొరుగువాళ్లు 'అపెరో'కు పిలిస్తే అది భోజనం కాదు, ఏడింటి వేళ చిరుతిండి, పానీయం, కబుర్లు. పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లడమే పద్ధతి, ముందు వెళ్లకూడదు. మద్యం తాగకపోతే 'జ్యూ', అంటే పళ్లరసం, అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. గ్లాసులు తాకించేటప్పుడు కళ్లలోకి చూడాలి. పూలు తీసుకెళ్తే చామంతులు వద్దు. నవంబరు 1న సమాధుల మీద పెట్టే పూలు అవి.

మాంసం తిననివాళ్లు 'వెజిటేరియన్' అని వదిలేస్తే చేప పెట్టొచ్చు. 'సాన్ వియాండ్, సాన్ పువాసోన్, సాన్ లార్దోన్' అనాలి. లార్దోన్ అంటే సన్నగా తరిగిన పంది మాంసం, మేక చీజ్ సలాడ్‌లో చెప్పకుండానే వేస్తారు. సూప్‌కు మాంసం నీళ్లు వాడి ఉండొచ్చు. ఆమ్లెట్ నమ్మకమైనది. కుళాయి నీళ్ల జగ్గు 'యూన్ కరాఫ్ దో' ఉచితం, రొట్టె ఉచితం, సర్వీసు చార్జీ ధరలోనే కలిసి ఉంటుంది.

ఇంటితో వచ్చే చిక్కులు

కరెంటు: చాలా ఇళ్లకు 6 కిలోవాట్ల దాకానే అనుమతి ఉంటుంది. ఇండక్షన్ పొయ్యి మీద రెండు గిన్నెలు పెడితే 3, ఓవెన్ 2.5, కెటిల్ 2. మూడూ ఒకేసారి పెడితే కరెంటు పోతుంది. కంగారు పడి ఎలక్ట్రీషియన్‌ను పిలవకండి. ఒకటి రెండు కట్టేసి, ఆకుపచ్చ రంగు లింకీ మీటరు మీద + బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే తిరిగి వస్తుంది.

వేడినీళ్లు: ట్యాంకు చాలాచోట్ల చౌక కరెంటు వేళ, అంటే రాత్రిపూట మాత్రమే వేడెక్కుతుంది. 150 లీటర్ల ట్యాంకుతో నలుగురు వరసగా షవర్ చేస్తే నాలుగోవారికి చన్నీళ్లే. ఇద్దరు రాత్రి, ఇద్దరు పొద్దున స్నానం చేస్తే సరిపోతుంది.

మురుగు: ఊరి బయట ఇళ్లకు డ్రైనేజీ ఉండదు, ఫోస్ సెప్తీక్, అంటే సెప్టిక్ ట్యాంకు, ఉంటుంది. లోపలి బాక్టీరియాయే మలాన్ని కుళ్లబెడుతుంది. బ్లీచింగ్ ఎక్కువ పోస్తే అది చచ్చి వాసన మొదలవుతుంది. తడి తుడుపు కాగితాలు, 'ఫ్లష్ చేయొచ్చు' అని రాసి ఉన్నవి కూడా, గొట్టానికి అడ్డం పడతాయి. వేయించిన నూనె సింకులో పోస్తే గడ్డకడుతుంది. సీసాలో నింపి దెషెత్రీ అనే సేకరణ కేంద్రంలో ఇవ్వాలి.

గ్యాస్: వంటింట్లో ఉండేది 13 కిలోల బ్యూటేన్ సిలిండరు. ఇది సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, అందుకే చలికాలంలో బయట పెట్టిన బ్యూటేన్ మంట ఆరిపోతుంది. బయట ఉండాల్సింది ప్రొపేన్. మర ఉన్న సిలిండరైతే నట్టు తిరగేసి ఉంటుంది: గడియారం దిశలో తిప్పితే వదులవుతుంది. తెలియక ఎదురు తిప్పి బిగించేసేవాళ్లే ఎక్కువ.

కట్టెల పొయ్యి: కట్టెలను స్తేర్ లెక్కన కొంటారు, మీటరు పొడవు కట్టెలను పేరిస్తే ఒక ఘనమీటరు. అదే స్తేర్‌ను 50 సెంటీమీటర్లకు కోస్తే 0.8, 33కి కోస్తే 0.7 ఘనమీటర్లే కనిపిస్తుంది. మోసం కాదు, ముక్కల మధ్య ఖాళీ తగ్గుతుందంతే. ఓక్, బీచ్ కట్టెలు కనీసం ఏడాదిన్నర ఎండాలి, తేమ 20 శాతం లోపు ఉండాలి. అద్దం నల్లబడుతోందంటే కట్టె పచ్చిదైనా అయ్యుండాలి, గాలి మరీ తగ్గించైనా ఉండాలి. పెద్ద కట్టెలు కింద, పుల్లలు పైన పేర్చి పైనుంచి వెలిగిస్తే పొగ తక్కువ. బూడిదలో నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది, ప్లాస్టిక్ డబ్బాలో ఎప్పుడూ వేయొద్దు, మూత ఉన్న ఇనుప బకెట్ వాడండి.

ఎండాకాలంలో ఏసీ ఉండదు. పొద్దున తొమ్మిదికే కిటికీలు, చెక్క తలుపులు మూసేసి రాత్రి చల్లబడ్డాక తెరిస్తే, మందపాటి రాతిగోడలే ఇంటిని చల్లగా ఉంచుతాయి.

చప్పుడు, చెత్త

గడ్డి కోసే యంత్రం, డ్రిల్లు లాంటివాటికి స్థానిక ఉత్తర్వుల్లో వేళలుంటాయి. చాలా చోట్ల ఆదివారం 10 నుంచి 12 మధ్యే. మీ ఊరి వేళలు మెరీ బోర్డు మీద చూడండి. కోడికూత, పశువుల వాసన, చర్చి గంట మీద ఫిర్యాదు చేసే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. ఒలెరోన్ దీవిలో మోరిస్ అనే కోడిపుంజు కూతపై నడిచిన కేసును 2019లో రోష్‌ఫోర్ కోర్టు కొట్టేసింది. 2021 జనవరి 29 నాటి చట్టం పల్లెల శబ్దాలను, వాసనలను వారసత్వ సంపదగా గుర్తించింది. కొన్ని ఊళ్లలో గంట రెండు నిమిషాల తేడాతో రెండోసారి కూడా కొడుతుంది, పొలంలో లెక్క తప్పినవాళ్ల కోసం. నిద్ర తేలికైనవాళ్లు చర్చికి దూరంగా ఇల్లు తీసుకోండి.

ప్యాకింగులన్నీ పసుపు డబ్బాలో, గాజు మాత్రం ఊళ్లో సీసాలు వేయడానికి ఉండే పెద్ద డబ్బాలో. రాత్రి పదింటికి సీసాలు వేస్తే ఊరంతా లేస్తుంది. తోట చెత్త తగలబెట్టడం నిషిద్ధం.

నడక

పసుపు గీత చిన్న దారులకు, తెలుపు-ఎరుపు గీతలు దూరపు జీఆర్ దారులకు. అడ్డగుర్తు కనిపిస్తే తప్పు దారి, వెనక్కి రండి. మూసి ఉన్న గేటు దాటితే మళ్లీ మూయాలి, లేదంటే పశువులు రోడ్డెక్కుతాయి. 'ఓ నోన్ పొతాబ్ల్' అని రాసిన ఊటనీళ్లు తాగొద్దు. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా వేట కాలం, 'షాస్ ఆన్ కూర్' బోర్డు ఉన్న అడవిలోకి వెళ్లకండి, ముదురు నారింజ రంగు చొక్కా వేసుకోండి. ఆల్ప్స్, పిరనీస్‌లలో గొర్రెల మందను పతూ అనే పెద్ద తెల్ల కుక్కలు కాపలా కాస్తాయి. మొరుగుతూ వస్తే ఆగండి, కర్ర ఊపొద్దు, పరుగెత్తొద్దు. అది వాసన చూసి తృప్తిపడ్డాక మందను చుట్టి దూరంగా నడవండి. గడ్డిలో తిరిగొచ్చాక ఒంటి మీద పిడుదుల కోసం చూసుకోవాలి. తీసే చిన్న కొక్కెం మందుల షాపులో దొరుకుతుంది. తర్వాతి వారాల్లో కుట్టిన చోట ఎర్రటి వలయం పెరుగుతుంటే డాక్టరుకు చూపించండి.

అత్యవసరానికి వైద్యం 15, అగ్నిమాపకం 18, ఏదైనా 112. ఫోన్ చేసినవెంటనే కమ్యూన్ పేరు, జిల్లా, లియూ-దీ చెప్పాలి. ఈ మూడూ మొదటి రోజే కాగితం మీద రాసి తలుపుకు అంటించండి, కంగారులో ఫ్రెంచి పేరు నోట రాదు. డాక్టర్లు తక్కువ, అపాయింట్‌మెంట్‌కు రోజులు పట్టొచ్చు. రోజూ వేసుకునే మందులు సరిపడా తెచ్చుకోండి. రాత్రిపూట ఏ మందుల షాపు తెరిచి ఉందో మూసిన షాపు తలుపు మీదే రాసి ఉంటుంది.

ఖాళీ చేసే పొద్దు

శుక్రవారం సాయంత్రమే సీసాలు, చెత్త పారేయండి. శనివారం పొద్దున ఫ్రిజ్ ఖాళీ చేసి, పొయ్యి బూడిద చల్లారిందో లేదో చూసి, మీటరు అంకె ఫోటో తీసుకోండి. పదింటికి ఇంటివాళ్లు వచ్చి మీతో కలిసి గది గదీ చూస్తారు, దాన్ని ఎతా దే లియూ అంటారు. గ్లాసు పగిలితే మీరే ముందు చెప్పండి, చాలామంది వదిలేస్తారు. తాళం చెవి ఇచ్చేముందు డిపాజిట్ చెక్కు చేతికి వచ్చిందో లేదో చూసుకోండి. కార్డు మీద ఆపినదైతే ఏ రోజుకు విడుదలవుతుందో రాయించుకోండి.